డబ్బా మాని గింజ నుంచే: ఇంట్లో మాల్ట్ తయారీకి తక్కువ ఖర్చు సామాను ఎంపికపై తీర్మానం

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాల మహిళా పొదుపు సంఘాలు ఉమ్మడిగా జరుపుకొన్న సర్వసభ్య సమావేశంలో చర్చించి ఆమోదించిన తీర్మానం.

చర్చాంశం: అంగడి నుంచి మాల్ట్ పొడి డబ్బాలు కొనడం తగ్గించి, రాగులు, సజ్జలు మన ఇళ్లలోనే మండెకట్టి (మొలకెత్తించి), ఆరబెట్టి, మరపట్టి, కాచుకొని తాగే పద్ధతికి మారడం, అందుకు ఏ సామాను కొనాలి, ఏది కొనకూడదు, ఏ క్రమంలో కొనాలి అన్నది నిర్ణయించడం.

పీఠిక

ఒకటి. మనం బతుకుతున్నది వాన మీద ఆధారపడిన నల్లరేగడి నేల. తమిళంలో దీన్నే కరిసల్ అంటారు. ఐప్పసి, కార్తిగై నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన పడితే సజ్జ, జొన్న, ఊద, సామ పండుతాయి; తై నెల వచ్చేసరికి కళ్లం నుంచి ఇంటికి చేరతాయి. కోవిల్‌పట్టిలో 1901 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ మెట్ట పంటల మీదనే పనిచేస్తూ వచ్చింది. కె-8, కె-11, కె-12 జొన్న రకాలు అక్కడ పుట్టినవే. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది మార్చి నుంచి బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. గింజకు ఇంత గౌరవం దక్కుతున్న కాలంలో, ఆ గింజ పండే మన ఊళ్లలోనే పిల్లల గ్లాసులోకి డబ్బా పొడి వస్తున్నదని ఈ సభ బాధతో గమనించింది.

రెండు. డబ్బా మీద పదార్థాల పట్టికను బరువు ఎక్కువున్నది ముందు వచ్చే వరుసలో ముద్రిస్తారు. ఆ వరుసలో చక్కెర ముందువైపు కనిపిస్తే, మనం ధాన్యం ధర పెట్టి చక్కెర కొంటున్నామని అర్థం. సభ్యులు తమ ఇంటి డబ్బాలను సభకు తెచ్చి, పట్టికలు గట్టిగా చదివి వినిపించారు. ఈ తీర్మానానికి మొదటి కారణం ఆ చదువే.

మూడు. మాల్ట్ అంటే వేయించిన పిండి కాదు. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తీపిగా మార్చుకొనే ఎంజైములను తానే తయారుచేసుకుంటుంది. సరైన సమయానికి ఆ మొలకను ఎండబెడితే ఆ శక్తి గింజలోనే నిలిచిపోతుంది. తరువాత దాన్ని వేడి జావలో కలిపితే చిక్కని జావ పలచబడి, చక్కెర వేయకుండానే తియ్యగా మారుతుంది. చిరుధాన్యాల్లో ఈ శక్తి రాగి మొలకలో మెండు. 1980లలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ ఆధ్వర్యంలో జరిగిన పని ఇదే సూత్రం మీద నడిచింది: మొలకెత్తించిన ధాన్యపు పిండి కొద్దిగా కలిపితే, పసిపిల్లలు మింగలేని గట్టి జావ కూడా పలచనై, అదే గిన్నెలో ఎక్కువ తిండి పట్టింది.

నాలుగు. ఇతర దేశాల్లో ఇంట్లో బీరు కాచుకొనేవారికీ సరిగ్గా ఇలాంటి మలుపే ఎదురవుతుంది. మొదట డబ్బాలో వచ్చే మాల్ట్ సారంతో పని మొదలుపెడతారు. కొన్నాళ్లకు గింజ నుంచే మొదలుపెట్టాలనుకుంటారు. అప్పుడు వారిని ఆపే ప్రశ్న ఒక్కటే: ఇంత సామాను ఎక్కడిది, ఎంత ఖర్చు? వారిలో తెలివైనవారు కనుక్కొన్న సమాధానం మనకు పనికొస్తుంది. పెద్ద యంత్రాలకు పోకుండా, ఐస్ పెట్టెను వేడి నిలిపే తొట్టిగా వాడతారు. లేదా గింజ రవ్వను గుడ్డసంచిలో వేసి కుండలోనే నానబెట్టి సంచిని పైకెత్తి వడగడతారు. అమెరికాలో 1978 చట్టం తరువాత సొంత వాడకానికి అలా కాచుకోవడం నేరం కాదు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఆ సామాను గురించి మనకు చెప్పగలరు. గింజను తీపి నీరుగా మార్చేంతవరకూ వారి పనీ మన పనీ ఒకటే.

ఐదు. అక్కడి నుంచి దారులు వేరు. 1937 నాటి తమిళనాడు మద్యనిషేధ చట్టం కింద అనుమతి లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం. అందుకోసం పాత్రలు, పరికరాలు దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. మద్యం వల్ల చితికిన ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. కాబట్టి సామాను గురించి మాట్లాడే ముందే హద్దు గీయవలసి ఉంది.

ఆరు. గత వేసవిలో మన సభ్యురాలొకరు ఉత్సాహంగా ఐదు కిలోల రాగులు ఒకేసారి నానబోసి, ప్లాస్టిక్ సంచిలో మండెకట్టారు. మూడో రోజుకు మొలకల మీద తెల్లని, ఆ పైన ఆకుపచ్చని బూజు కనిపించింది. మొత్తం గింజ పారబోయవలసి వచ్చింది. అప్పటికే ఆమె పెద్ద పాత్రకు డబ్బు పెట్టారు. లోపించినది పాత్ర కాదు, గాలి తగిలే గుడ్డ, ఆరబెట్టే చోటు. ఈ సంగతిని ఆమె స్వయంగా సభ ముందు ఉంచినందుకు సభ కృతజ్ఞతలు తెలుపుతున్నది. మిగిలిన ఇళ్లకు ఆ నష్టం తప్పడమే ఈ తీర్మానం ఉద్దేశం.

ఏడు. చర్చలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. కుళాయి బిగించిన పెద్ద స్టీలు పాత్ర, విద్యుత్ ఆరబెట్టు యంత్రం మొదటే కొంటే పని వేగంగా సాగుతుందని పిన్న వయసు సభ్యులు అన్నారు. కుండ, చాట, తిరగలి ఉండగా ఏదీ కొనవద్దని పెద్దమ్మలు, అవ్వలు అన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నదని సభ భావించింది. చేతి నేర్పు వచ్చాక పెద్ద పాత్ర మేలు చేస్తుంది. నేర్పు రాకముందు అది మూలన పడుతుంది. అయితే అవ్వల చేతికి కొలత అక్కరలేదు, కొత్తగా నేర్చేవారి చేతికి కావాలి. కాబట్టి మొదటి రూపాయి కొలతకు, రెండోది ఆరబెట్టడానికి, చివరిది పాత్రకు ఖర్చు పెట్టాలని సభ ఒక నిర్ణయానికి వచ్చింది.

పై కారణాల వల్ల ఈ సభ కింది విధంగా తీర్మానించింది.

తీర్మానం 1: హద్దు

సంఘం సొమ్ముతో కొన్న ఏ సామానునూ మత్తుపానీయం తయారీకి వాడరాదు, ఎవరికీ అందుకు ఇవ్వరాదు. మన పని తీపి జావ వరకు, ఆ పైన ఒక రాత్రి పులిసిన అంబలి వరకు మాత్రమే. ఈస్టు కొనుగోలుకు సంఘం ఖాతా నుంచి డబ్బు ఇవ్వరాదు. మూత బిగించి రోజుల తరబడి పులియబెట్టే పాత్రలు, గొట్టాల మూతలు సంఘం జాబితాలో ఉండరాదు. ఈ నియమం దాటినవారి నుంచి ఉమ్మడి సామాను వెనక్కి తీసుకోవాలి.

తీర్మానం 2: మొదటి మూడు విడతలు ఇంట్లో ఉన్నవాటితోనే

ఏ సభ్యురాలూ కనీసం మూడు విడతలు తన ఇంటి సామానుతో చేసి చూపక ముందు సంఘం నుంచి కొనుగోలు సొమ్ము అడగరాదు. ఒక్కో విడతకు అర కిలో రాగులు చాలు. చెడితే పోయేది అర కిలో గింజ. నేర్చుకొనేది జీవితమంతా ఉంటుంది. ఇందుకు కావలసినవి ప్రతి ఇంట్లో ఉన్నాయి: నానబెట్టడానికి మట్టికుండ లేదా స్టీలు గిన్నె, మండెకట్టడానికి ఉతికిన తెల్లని నూలు గుడ్డ, వెదురు గంప, ఆరబెట్టడానికి చాట, వేయించడానికి ఇనుప మూకుడు, కాచడానికి మందమైన అడుగున్న స్టీలు తపేలా.

తీర్మానం 3: కొనుగోలు క్రమం

మూడు విడతలు పూర్తయ్యాక కింది వరుసలోనే కొనాలి. ముందుదాన్ని వాడటం రాకుండా తరువాతిది కొనరాదు. ఒక ఇంటికి మొదటి నాలుగు వస్తువులకు కలిపి 2,500 రూపాయలకు మించి సంఘం అప్పు ఇవ్వరాదు.

(అ) థర్మామీటరు. వంటలో గుచ్చి చూసే స్టీలు ముల్లు ఉన్న డిజిటల్ రకం. జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు. సజ్జ, జొన్న పిండి బాగా ఉడికితేనే ఎంజైములకు లొంగుతుంది. కానీ జావ మరీ వేడిగా ఉన్నప్పుడు మాల్ట్ కలిపితే ఎంజైములే చచ్చిపోతాయి. 60 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి చక్కగా పనిచేస్తాయి. 80 దాటితే నిలవవు. ఈ తేడా వేలితో తెలియదు. కొన్నాక ముల్లును మరిగే నీళ్లలో పెట్టి 100 దగ్గర చూపుతున్నదో లేదో ఒకసారి పరీక్షించాలి.

(ఆ) తక్కెడ. పది కిలోల వరకు, ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ తక్కెడ. చారెడు, సోలెడు కొలతలు ఇంటింటికీ మారతాయి, బరువు మారదు. ఒకరి విడత బాగా కుదిరితే ఇంకొకరు అలాగే చేయగలగాలంటే ఇది అవసరం.

(ఇ) ఆరబెట్టే చట్రం. రెండు అడుగుల వెడల్పు, మూడు అడుగుల పొడవు చెక్క చట్రానికి అడుగున నూలు గుడ్డ లేదా స్టీలు వల, పైన దోమతెర. దీన్ని మన ఊరి వడ్రంగి చేతనే చేయించాలి. కింద రెండు ఇటుకల ఎత్తున గాలి ఆడాలి. రంగు, వార్నిషు వేయించరాదు. మన ఎండ ఉండగా విద్యుత్ యంత్రం అవసరం లేదు. తై నుంచి పంగుని వరకు మన మిద్దెల మీద పడే ఎండకు ఖర్చు లేదు.

(ఈ) వడగట్టే సంచి. బార్లీకి పొట్టు ఉంటుంది. ఆ పొట్టే జల్లెడలా పనిచేసి నీటిని దిగనిస్తుంది. మన సజ్జకు, రాగికి అలాంటి పొట్టు లేదు, అందుకే వడపోత దగ్గరే పని ఆగిపోతుంది. సన్నని నేతతో, రంగు అద్దని నూలు గుడ్డతో, తపేలా లోపలికి సరిపడేలా సంచి కుట్టించుకోవాలి. దీన్ని మన సభ్యుల్లో కుట్టు తెలిసినవారే కుట్టాలి. ఒక్కో సంచికి తగిన కూలి సంఘం ఇవ్వాలి.

(ఉ) పెద్ద పాత్ర. ఇది చివరిది, ఇంటికొకటి కాదు, వీధికొకటి. పదిహేను నుంచి ఇరవై లీటర్ల స్టీలు అండా, మందమైన అడుగు, బిగుతైన మూత. కుళాయి అవసరం లేదు. కుళాయి మూలల్లో జావ పేరుకుని శుభ్రం కాదు. ఈ అండాను సంఘం ఉమ్మడి సొమ్ముతో కొని, వరుస ప్రకారం ఇళ్లకు ఇవ్వాలి.

తీర్మానం 4: వేడి నిలపడానికి యంత్రం కొనరాదు

మాల్ట్ కలిపిన జావను గంటసేపు అదే వేడిలో ఉంచాలి. ఇందుకు ఐస్ పెట్టె గానీ, విద్యుత్ పాత్ర గానీ కొననక్కరలేదు. ఎండుగడ్డి నింపిన గంపలో మూత పెట్టిన తపేలా దించి, పైన పాత దుప్పటి కప్పితే చాలు. ఇంట్లో చపాతీలకు వాడే హాట్‌బాక్స్ ఉంటే చిన్న విడతకు అదే సరిపోతుంది. గంట తరువాత థర్మామీటరు 58కి దిగువన చూపితే తరువాతి సారి గడ్డి ఎక్కువ వేయాలి.

తీర్మానం 5: ఎంత చవకైనా కొనకూడనివి

(అ) అగ్గిపెట్టెల, బాణసంచా కర్మాగారాల నుంచి, రంగుల దుకాణాల నుంచి, ఎరువులు, పురుగుమందుల దుకాణాల నుంచి వచ్చే ఖాళీ డ్రమ్ములు, డబ్బాలు, సంచులు. ఎన్నిసార్లు కడిగినా వాటిలో తిండి గింజ పోయరాదు. మన ప్రాంతంలో ఇవి సులభంగా, చవకగా దొరుకుతాయి గనుకే ఈ మాట గట్టిగా రాసుకుంటున్నాం.

(ఆ) పులిసిన అంబలికి అల్యూమినియం పాత్రలు. పులుపు అల్యూమినియాన్ని తింటుంది. కళాయి పోయిన ఇత్తడి కూడా అంతే. ఇత్తడి గంగాళాలు ఉన్నవారు శుద్ధమైన తగరంతో కళాయి పూయించాకే వాడాలి. మట్టికుండ, స్టీలు ఉత్తమం.

(ఇ) మొలకలు కట్టడానికి గాలి తగలని ప్లాస్టిక్ సంచులు.

(ఈ) అవసరం తెలియకుండానే కొనిపించే పూర్తి సామాను కట్టలు. ఒక వస్తువు ఏ పనికో మూడు విడతలు చేసిన సభ్యురాలు చెప్పలేకపోతే ఆ వస్తువు కొనరాదు.

తీర్మానం 6: మర

ఇంటింటికీ పిండి యంత్రం కొనరాదు. తిరగలి ఉన్నవారు చిన్న విడతలకు దాన్నే వాడాలి. మాల్ట్ మెత్తని పిండి కావాలి గానీ వేడెక్కకూడదు, తిరగలి అందుకు మంచిది. పెద్ద విడతలకు వీధి మర దగ్గరికి వెళ్లాలి. విరుదునగర్ మిరప వ్యాపారానికి పేరుబడ్డ ఊరు. ఒకే మరలో మిరపకాయలు, ధాన్యం పట్టడం చుట్టుపక్కల సాధారణం. మిరప పట్టిన తరువాత మాల్ట్ పడితే పసిపిల్లల జావ ఘాటెక్కుతుంది. కాబట్టి ముందురోజే మాట్లాడి, ఉదయం మొదటి పట్టు మాల్ట్‌కు ఇప్పించుకోవాలని, నాలుగైదు ఇళ్ల గింజ ఒకేసారి తీసుకెళ్లాలని, మర వారితో ఆ మేరకు ఒప్పందం చేసుకోవాలని తీర్మానించడమైనది.

తీర్మానం 7: అందరూ పాటించవలసిన పద్ధతి

(అ) రాగుల్లో మట్టి, రాయి, తాలు ఏరి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పన్నెండు గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. నానిన నీళ్లు పెరటి మొక్కలకు పోయాలి. కరువు చూసిన ఊళ్లలో చెంబెడు నీరు కూడా వృథా కారాదు.

(ఆ) నీళ్లు వార్చి, తడి గుడ్డలో వదులుగా కట్టి, గంపలో నీడన ఉంచాలి. ఆరేడు గంటలకు ఒకసారి మంచినీళ్లు చల్లి, చేత్తో కలియబెట్టాలి. ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల్లో మొలక వేళ్లు కనిపిస్తాయి. పుల్లని వాసన గానీ, బూజు గానీ కనిపిస్తే ఆ విడత మొత్తం పారేయాలి. పైన తీసేసి కింద వాడుకొనే అలవాటు వద్దు.

(ఇ) చట్రం మీద పలచగా పరిచి, వేళ్లు రాస్తే విరిగేంతవరకు ఎండబెట్టాలి. రాసి, చాటతో చెరిగి వేళ్లు తీసేయాలి.

(ఈ) ఎండిన మాల్ట్‌ను రెండు భాగాలు చేయాలి. పెద్ద భాగాన్ని మూకుడులో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి, ఇది రుచికి. చిన్న భాగాన్ని వేయించకుండానే ఉంచాలి. జావను తీపిగా మార్చే శక్తి దీనిలోనే ఉంటుంది. రెండు డబ్బాల మీద వేరువేరుగా పేరు రాయాలి. ఇవి కలగలిపి వేయించి, తీపి రాలేదని నిరాశపడినవారు మనలో ఉన్నారు.

(ఉ) కాచే విధానం. 250 గ్రాముల సజ్జ పిండిని ఒక లీటరు నీళ్లలో ఉడికించాలి. బాగా ఉడికాక, కాచి చల్లార్చి ఉంచుకున్న 30 డిగ్రీల నీళ్లు ఒక లీటరు కలపాలి. మరిగే జావ, చల్లని నీళ్లు సగం సగం కలిస్తే వేడి 65 దగ్గరికి వస్తుంది, థర్మామీటరుతో సరిచూడాలి. అప్పుడు 50 గ్రాముల వేయించని రాగి మాల్ట్ పిండి కలిపి, గడ్డి గంపలో గంటసేపు ఉంచాలి. తరువాత పొయ్యి మీద పెట్టి పది నిమిషాలు కచ్చితంగా మరగనివ్వాలి. వేయించని మొలక పిండిలో సూక్ష్మజీవులు ఉంటాయి గనుక ఈ మరుగు తప్పనిసరి. వేయించిన మాల్ట్, ఏలకులు, కావాలంటే కొంచెం తాటిబెల్లం ఈ దశలో వేసుకోవాలి. సంచిలో వడగట్టి అదే రోజు తాగాలి.

(ఊ) పని పూర్తయిందో లేదో చూడడానికి, కొంచెం జావ తెల్లని పింగాణీ పళ్లెంలో చల్లార్చి ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేయాలి. ముదురు నీలంగా మారితే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు. చూసిన జావ పారబోయాలి, తిరిగి గిన్నెలో పోయరాదు. ఒక్క సీసా అయోడిన్ వీధంతటికీ చాలు.

(ఋ) సంచిలో మిగిలిన పిప్పిని అదే రోజు మేకలకు, కోళ్లకు, ఆవులకు వేయాలి. ఎండాకాలం మరునాటికి అది పులిసి పాడవుతుంది.

(ౠ) అంబలి ఇష్టపడేవారు చల్లారిన జావలో చెంచా మజ్జిగ కలిపి ఒక రాత్రి ఉంచి ఉదయం తాగవచ్చు. ఆ పైన నిలవ ఉంచరాదు.

తీర్మానం 8: జాగ్రత్తలు

(అ) జొన్న మొలకలను పచ్చిగా ఎవరూ తినరాదు, పశువులకూ పెట్టరాదు. లేత జొన్న పిలకలు మేసి పశువులు నాము పట్టి చనిపోవడం రైతులకు తెలిసిన సంగతే. మొలకలోనూ ఆ విషమే ఉంటుంది. మొదటి సంవత్సరం సంఘం తరఫున జొన్న మాల్ట్ చేయరాదు. జొన్నను ఉడికించిన పిండిగా మాత్రమే వాడి, మాల్ట్ రాగులదే వేయాలి.

(ఆ) ఆరు నెలలు నిండని పసిబిడ్డలకు తల్లిపాలు తప్ప ఏదీ ఇవ్వరాదు. ఆ తరువాత కూడా బాగా మరిగించిన జావే ఇవ్వాలి. పులిసిన అంబలి వద్దు.

(ఇ) మాల్ట్ తీపి కూడా చక్కెరే. చక్కెర వేయలేదు కదా అని షుగరు వ్యాధి ఉన్నవారు రెండు గ్లాసులు తాగరాదు. ఈ మాట ప్రతి ఇంట్లో పెద్దలకు చెప్పాలి.

(ఈ) వానలు పడే ఐప్పసి, కార్తిగై నెలల్లో ఎండ చాలదు, అప్పుడు మండెకట్టరాదు. చిత్తిరై, వైగాసి నెలల ఎండలో మొలకలు త్వరగా బూజు పడతాయి. అర కిలోకు మించి చేయరాదు. తై, మాసి, పంగుని నెలల్లో ఏడాదికి సరిపడా చేసుకొని, తడి తగలని మూత డబ్బాల్లో నిలవ చేసుకోవాలి.

తీర్మానం 9: గింజ

విత్తనాల దుకాణంలో మందు పట్టించి అమ్మే విత్తనం ఏ కారణంతోనూ తిండికి వాడరాదు. మాల్ట్‌కు కావలసినది మొలకెత్తే శక్తి ఉన్న కొత్త గింజ. కొనే ముందు వంద గింజలు తడి గుడ్డలో పెట్టి చూడాలి. తొంభైకి తక్కువ మొలిస్తే ఆ బస్తా కొనరాదు. సంఘ సభ్యుల పొలాల్లో పండిన గింజకు అంగడి ధరకు తగ్గకుండా ఇచ్చి, ముందుగా వారి దగ్గరే కొనాలి.

తీర్మానం 10: లెక్కలు, అమ్మకం

ప్రతి విడతకు నానిన గంటలు, మొలక రోజులు, ఎండ రోజులు, జావ వేడి, రుచి, ఖర్చు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆరు నెలల తరువాత ఆ పుస్తకం చూసే పెద్ద పాత్ర సంగతి తేల్చాలి. ఈ మాల్ట్ మొదటి సంవత్సరం ఇంటి వాడకానికే. ఎవరైనా అమ్మదలిస్తే 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేయించుకున్నాకే అమ్మాలి. సంఘం పేరు, ముద్ర అంతవరకు వాడరాదు. కోవిల్‌పట్టి కడలైమిట్టాయికి (వేరుశనగ మిఠాయికి) 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏళ్ల తరబడి ఒకే తీరుగా, ఒకే శుభ్రతతో చేసిన చేతులకు దక్కిన గౌరవమది. మన మాల్ట్‌కు పేరు రావాలంటే ముందు ఆ తీరు కుదరాలి.

తీర్మానం 11: మాటలు

ఇడైసెవల్‌లో 1923లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారు ఈ కరిసల్ నేల మాటలను నిఘంటువుగా కూర్చి పోయారు. ఆ దారిలో, ఈ పనికి సంబంధించిన మాటలను మన అవ్వల నోటి నుంచి విని రాసుకోవాలి: మండెకట్టడం, చెరగడం, కళాయి, పిప్పి, తరవాణి. నోటు పుస్తకంలో ధాన్యాల పేర్లు రెండు భాషల్లోనూ తెలుగు లిపిలోనే రాయాలి: సజ్జలు, కంబు, రాగులు, కేళ్వరగు, జొన్నలు, చోళం, సామలు, సామై, ఊదలు, కుదిరైవాలి, అరికెలు, వరగు. తెలుగు చదవలేని పిల్లలకు ఈ పుస్తకమే అక్షరాభ్యాసం కావాలి. ప్రతి విడత నాడు ఒక పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకొని, వారి చేతనే థర్మామీటరు అంకె చదివించి రాయించాలి.

తీర్మానం 12: అమలు

మూడు ఊళ్ల నుంచి ఇద్దరేసి చొప్పున ఆరుగురితో ఒక ఉపసంఘం ఏర్పాటైంది. వారిలో ఊరికొకరు చేయితిరిగిన పెద్దలు, ఊరికొకరు కొత్తగా నేర్చేవారు ఉండాలి. సామాను కొనేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లాలి. బిల్లు లేని కొనుగోలుకు డబ్బు ఇవ్వరాదు. మొదటి విడతలు తై నెలలో మొదలుపెట్టి, పంగుని చివర ఈ సభ మళ్లీ కూడాలి. ఆ సభకు ఎవరూ డబ్బాలు తేవద్దు; తమ ఇంటి గింజతో కాచిన జావ, తమ నోటు పుస్తకం తెచ్చి అందరి ముందు ఉంచాలి. సభ మొదట ఆ జావ రుచి చూసి, ఆ తరువాతే ఖర్చుల లెక్క చేపట్టాలి.

అధ్యక్షురాలు ప్రతిపాదించగా, కోశాధికారి బలపరచగా, పై పన్నెండు తీర్మానాలను సభ్యులందరూ చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించారు. తీర్మానం పూర్తి పాఠాన్ని తెలుగులో చదివి, తమిళంలో వివరించిన తరువాతే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడమైనది.